ఫజీ, వేగ్ సమితుల సహసంబంధం

కచ్చితమైన హద్దులేని రెండు భావనలు ఎంతవరకు కలిసి నడుస్తాయో ఒక్క అంకెలో చెప్పేది ఫజీ సమితుల సహసంబంధ గుణకం. దీని తొలి సూత్రాల్లో ఒకదాని వెనక ఒంగోలులో పుట్టిన సి.ఎ.మూర్తి ఉన్నారు.

మే నెల సికింద్రాబాద్‌లో 42 డిగ్రీల రోజును వేడి రోజని అందరూ ఒప్పుకుంటారు. 35 డిగ్రీలైతే? మామూలు సమితిలో ఉండటమో లేకపోవడమో, రెండే. 1965లో లాట్‌ఫీ జాదే ఫజీ సమితులతో ఈ మధ్యస్థితికి చోటిచ్చారు. ‘వేడి రోజుల’ సమితిలో అలాంటి రోజుకు 0.6 వంటి సభ్యత్వ విలువ ఇవ్వవచ్చు.

కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థకు చెందిన మూర్తి, శంకర్ కె. పాల్, ద్విజేశ్ దత్తా మజుందార్ 1985లో రెండు సభ్యత్వ ప్రమేయాల (ఒక్కో అంశానికి సభ్యత్వ విలువ ఇచ్చేవాటి) సహసంబంధాన్ని నిర్వచించారు. ముందు ఆ రెండింటి తేడా వర్గాలను కూడాలి. ఒక్కో ప్రమేయం 0.5 నుంచి ఎంత దూరం జరిగిందో ఆ వర్గాలనూ కూడి, దానితో మొదటి మొత్తాన్ని భాగించి, ఫలితాన్ని 1లోంచి తీసేయాలి. రెండు ప్రమేయాలూ ఒకటే అయితే 1 వస్తుంది. ‘వేడి’, ‘వేడి కాని’ లాంటి పూరకాలైతే -1. వ్యతిరేకతను రుణ గుర్తుతో చూపడమే ఈ సూత్రంలోని అందం.

1993లో గావ్, బ్యూరర్ వేగ్ సమితిని ప్రతిపాదించారు. మారేడుపల్లిలో ఓ అపార్ట్‌మెంట్ సంఘం తీర్మానానికి పదిమందిలో ఐదుగురు అవునని, ఇద్దరు కాదని అన్నారని, ముగ్గురు తటస్థంగా ఉన్నారని అనుకుందాం. అప్పుడు సభ్యత్వం ఒక్క అంకె కాదు, 0.5 నుంచి 0.8 దాకా ఉండే అంతరం. బల్గేరియాకు చెందిన అటానసోవ్ 1983లోనే ప్రవేశపెట్టిన ఇంట్యూషనిస్టిక్ ఫజీ సమితులూ ఇవీ ఒకటేనని 1996లో బుస్తిన్సె, బురిల్యో చూపించారు. దాంతో అక్కడి సూత్రాలు ఇక్కడా పనికొచ్చాయి.

వాటిలో 1991 నాటి గెర్‌స్టెన్‌కోర్న్, మాంకోల గుణకం ప్రసిద్ధం. రెండు సమితుల ‘అవును’ విలువల లబ్ధానికి ‘కాదు’ విలువల లబ్ధాన్ని కలిపి లెక్కించే ఈ గుణకం 0, 1ల మధ్యే తిరుగుతుంది. పై తీర్మానాన్ని తలకిందులు చేసి, ఇద్దరు అవునని, ఐదుగురు కాదని అన్నారనుకుంటే, మొదటిదానితో దీని గుణకం 0.2ను, 0.5, 0.2ల వర్గాల మొత్తమైన 0.29తో భాగిస్తే వచ్చే సుమారు 0.69. ఎదురెదురు తీర్పులకు ఇంత దగ్గరితనం చూపే కొలతను ఒక్కదాన్నే నమ్మి నిర్ణయం తీసుకోకూడదు.

2001లో వెన్-లియాంగ్ హంగ్ గణాంక శాస్త్రంలోని పియర్సన్ గుణకాన్ని అవును విలువలకు ఒకసారి, కాదు విలువలకు ఒకసారి లెక్కగట్టి సగటు తీశారు. దాంతో రుణ గుర్తు తిరిగొచ్చింది. కానీ అంశాలన్నిటికీ విలువ ఒకటే అయితే హారం సున్నా అవుతుంది, ఒకే తీర్మానంతో అసలు లెక్కే కుదరదు. ఇలాంటి చిక్కును మూర్తి బృందం ముందే ఊహించింది. రెండు ప్రమేయాలూ అంతటా 0.5గానే ఉంటే గుణకాన్ని 1గా తీసుకోవాలని నిర్వచనంలోనే చేర్చింది.