ఆశయము – నాయకత్వము: ఆంధ్ర మహాసభ నేర్పిన పాఠం

తెలంగాణా ప్రజోద్యమ చరిత్రను రాసేవారు ఆంధ్ర మహాసభను సాధారణంగా రెండు దశలుగా విడదీసి చూపుతారు. 1941కి పూర్వం అది వినతిపత్రాల సభ. ఆ తరువాత పోరాట సంస్థ. మొదటి నాయకులు ఆశయాన్ని మరిచారనీ, తరువాతివారు దానిని నిలబెట్టారనీ తీర్పు. చాలాకాలం నేనూ యీ తీర్పునే నమ్మాను. మాడపాటి హనుమంతరావుగారి ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ చదివిన తరువాత, విషయం అంత తేలికగా తేలేది కాదని నాకు తోచింది.

సంస్థ పుట్టుకను చూద్దాం. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే కొందరు గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. కనుక భాషాభిమానమే దాని ఆశయమని సరిపెట్టుకోవచ్చు. మాడపాటివారు అలా సరిపెట్టుకోలేదు. గ్రంథాలయాలకూ, పాఠశాలలకూ పాటుపడుతూనే, సంఘం తరఫున వెట్టిచాకిరీని గురించి చిన్న పుస్తకాలు అచ్చువేయించారు. చాకలి, కుమ్మరి, మాదిగ మొదలైనవారి కూలిలేని చాకిరీ కూడా తెలుగువాని అవమానమేనని ఆయన గుర్తించారు. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి తప్పనిసరి అయిన రోజులలో, 1930లో జోగిపేటలో మొదటి మహాసభ జరగడమే గొప్ప. ఆ ఓర్పును పిరికితనమనడం చరిత్రకు అన్యాయం.

అయితే ఆ ఓర్పుకు ఒక హద్దు వుంది. వెట్టిని నిషేధించే ఉత్తరువులు సర్కారు కాగితాలలో వుండనే వున్నాయి. ఊళ్ళో మాత్రం దేశముఖు మాటే ఉత్తరువు. ఏటేటా సభలో తీర్మానం చేసేవారు వకీళ్ళు, వర్తకులు, భూస్వాములు. వెట్టి చేసేవాడు ఆ సభలో లేడు. ఎవరికోసం తీర్మానమో వారు లేని చోట, ఎంత మంచి తీర్మానమైనా ఆచారంగా మారిపోతుంది. ఆశయం చెడలేదు, అలవాటుపడింది. సంస్థకు యీ రెండవ ప్రమాదమే ఎక్కువ, ఎందుకంటే అది పైకి కనిపించదు.

ఈ ప్రమాదాన్ని గుర్తించినవారు రావి నారాయణరెడ్డిగారు. ఆయన కూడా బొల్లేపల్లి భూస్వామి కుటుంబంలో పుట్టినవారే. 1941లో చిలుకూరు మహాసభకు అధ్యక్షులైనప్పటినుంచి సంస్థను పల్లెలలోకి నడిపించారు. 1944లో భువనగిరి మహాసభ నాటికి రైతుకూలీలు సభ్యులుగా రాసాగారు. పాత నాయకులు పలువురు విడిపోయి వేరే సభ నడుపుకున్నారు. సంస్థ దారితప్పిందని వారి ఫిర్యాదు. నాకు మాత్రం, 1920లలో అచ్చువేసిన ఆ వెట్టి పుస్తకాలకు అసలు పాఠకుడు భువనగిరిలోనే దొరికాడనిపిస్తుంది.

కాని నాయకుని బాధ్యత అక్కడితో తీరదు. 1948 సెప్టెంబరు సైనికచర్యతో నిజాం పాలన పడిపోయిన తరువాత సాయుధపోరాటాన్ని కొనసాగించడం సరికాదని రావి నారాయణరెడ్డిగారు సొంత పార్టీలోనే వాదించారు. ఆ వాదన ఆయనకు సహచరుల మెప్పును తేలేదు. పోరాట విరమణ 1951 అక్టోబరులో గాని జరగలేదు; ఈలోగా ఎందరో ప్రాణాలు పోయాయి. ఆయన చెప్పినదంతా ఒప్పా కాదా అనే చర్చ నేటికీ వుంది. ఆ చర్చలో ఎటున్నా ఒకటి ఒప్పుకోవాలి: సంస్థను ముందుకు తోసినవాడే, పోరాటం ఎవరికోసమో వారు ఎంత మూల్యం చెల్లిస్తున్నారని అడిగాడు.

నేడు మన సాహిత్య సంస్థలు కూడా ఏటేటా తీర్మానాలు చేస్తున్నాయి. వాటిలో పేర్కొన్న ప్రజలు మన సభలలో ఎక్కడ కూర్చున్నారో అధ్యక్షులు ఒకసారి వేదికమీదనుంచి చూడడం మంచిది.