కరణపు వ్రాత – దేశచరిత్రము



చరిత్రమనిన రాజుల యుద్ధములే యని తలచుట పరిపాటి. కాని మన పల్లెల చరిత్రమునకు ఆధారములైనవి కరణముల కవిలెకట్టలు. 1783లో మన దేశమునకు వచ్చిన కాలిన్ మెకంజీ దొర భూములను కొలిపించుచునే యూరూరి వృత్తాంతములను సేకరింపజేసెను. ఆయనకు కుడిభుజమైనవాడు ఏలూరి కావలి వేంకట బొర్రయ్య. శిథిలశాసనముల లిపిని ఓర్పుతో అక్షరమక్షరము పోల్చి చదివిన యా విద్వాంసుడు 1803లో పిన్నవయసుననే గతించెను. సోదరుడు లక్ష్మయ్య ఆ పనిని సాగించెను. 1821లో దొర మరణించునాటికి 8,000కు పైగా శాసనముల ప్రతులు చేకూరినవి.

ఆ కైఫీయతులలో నున్నదేమి? చెరువెవరు త్రవ్వించిరి, పొలిమేర యెచ్చట, దేవుని మాన్యమెంత – ఇట్టివియే. వ్రాసిన కరణమునకు అది యానాటి పని, మనకు చరిత్రము. అతడు విసుగుతో నొక దాత పేరు విడిచియుండినచో నది శాశ్వతముగ మాసిపోయెడిది.

ఊరి లెక్కలు వ్రాయు నేనును ఒకప్పుడు సర్వే నంబరులో నొక యంకె తారుమారు చేసితిని. అది దిద్దుబాటగుటకు ఒక పేదరైతు రెండు పంటకాలములు కచేరీల చుట్టు తిరిగెను. నాకు క్షణకాలపు ఏమరుపాటు. అతనికి ఏడాది కష్టము. నాటినుండి వ్రాసినదానిని వ్రేలుపెట్టి మరల చదువక కట్ట ముడివేయను.

తాండవ నదీతీరమున, మన తుని ప్రాంతపు ఈ గ్రంథాలయమున, ఇరువదియైదేండ్లుగా ఎవరే పుస్తకము గొనిపోయిరో వ్రాసియుంచిన చిట్టాలును అట్టివే. వానిని చెదలపాలు సేయకుడు. రేపటి బొర్రయ్య వానికై వచ్చును.