రద్దీ పతనం – ప్యాకెట్ల సాక్ష్యం: 1986 బర్కిలీ ఉదంతం

నెట్‌వర్క్ మందగించినప్పుడు లోపాన్ని తీగలోనో యంత్రంలోనో వెతకడం పరిపాటి. ఆ వెతుకులాటను మరో దిశకు మళ్లించిన ఘటన 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలో సంభవించింది. లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకూ, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణానికీ మధ్య దూరం 400 గజాలు. ఆ మార్గంలో సెకనుకు 32 కిలోబిట్లుగా ఉన్న వేగం 40 బిట్లకు పడిపోయింది. ఆ లెక్కన రెండు వేల అక్షరాల ఆంగ్ల పుట ఒకటి చేరడానికి ఆరున్నర నిమిషాలకు పైగా పడుతుంది. మనిషి నడిచి ఇచ్చి రావచ్చు.

ఈ ప్రమాదం పూర్తిగా ఊహించనిది కాదు. జాన్ నేగుల్ 1984 జనవరిలోనే దీనిని ‘రద్దీ పతనం’గా వర్ణించి, ఒకసారి ఏర్పడితే ఆ స్థితి దానంతటదే స్థిరపడుతుందని హెచ్చరించాడు. అయితే హెచ్చరిక వేరు, నిదర్శనం వేరు.

ఆ నిదర్శనాన్ని వాన్ జేకబ్సన్ 1988 నాటి పరిశోధన పత్రంలో చూడవచ్చు. ప్రతి ప్యాకెట్టునూ అది వెలువడిన కాలంతో సహా ఒక చుక్కగా గుర్తించిన పటం అది. సెకనుకు 20 కిలోబైట్లు అందుబాటులో ఉండగా అందులో 35 శాతమే ప్రయోజనకరంగా వినియోగమైంది. దాదాపు ప్రతి ప్యాకెట్టూ కనీసం మరొకసారి పంపబడింది. 54 నుండి 58 కిలోబైట్ల వరకు గల భాగం ఐదుసార్లు ప్రయాణించింది. మార్గం ఖాళీగా లేదు, పంపినదే పంపుతూ నిండి ఉంది. ఎన్ని బైట్లు వెళ్లాయో మాత్రమే చెప్పే గణాంకాలకు ఈ తేడా అందదు. ప్యాకెట్ల వరుస సంఖ్యలను చదివితేనే తెలుస్తుంది. ఈ పత్రం అసలు విలువ ఇక్కడే ఉంది.

కారణం పంపే యంత్రపు ప్రవర్తనలో ఉంది. అది ఆరంభంలోనే ప్యాకెట్లను గుంపుగా వదిలేది. గేట్‌వే వద్ద వరుస నిండి కొన్ని రాలిపోయేవి. జవాబు రాలేదని మళ్లీ పంపిన ప్రతులు అదే వరుసలో చేరేవి. నెమ్మదిగా మొదలుపెట్టి, అందిన జవాబులను బట్టి ప్యాకెట్ల సంఖ్యను పెంచే పద్ధతిని జేకబ్సన్ ప్రవేశపెట్టాడు. ఆరంభంలో రెండు సెకన్లు ఖర్చయినా, ప్రయోజనకర వేగం 7 నుండి 16 కిలోబైట్లకు పెరిగింది. బర్కిలీ యూనిక్స్‌లో చేరిన ఈ మార్పులకు మైక్ కారెల్స్ సహకారం ఉంది.

జేకబ్సన్, క్రెయిగ్ లెరెస్, స్టీవెన్ మెకేన్ రూపొందించిన టీసీపీడంప్ అదే ప్రయోగశాలలో పుట్టింది. అనవసరమైన ప్యాకెట్లను కెర్నెల్‌లోనే వడపోసే పద్ధతి తోడవడంతో, రద్దీ మార్గాలపై సైతం ఇటువంటి పరిశీలన సాధారణ నిర్వాహకులకు సాధ్యమైంది.

అయితే ఆ పరిష్కారం ప్యాకెట్ రాలిపోవడాన్నే రద్దీకి సంకేతంగా స్వీకరించింది. జ్ఞాపకశక్తి చిప్‌లు చవకై పరికరాలలో వరుసలు అతిగా పొడవు పెరిగాక, ప్యాకెట్లు రాలడానికి బదులు అక్కడే నిలిచిపోసాగాయి. 2010లో జిమ్ గెటిస్ తన ఇంటి అనుసంధానంలోని జాప్యానికి మూలాన్ని ప్యాకెట్ల నమోదులోనే వెతికి, వాటిని జేకబ్సన్‌కు చూపాడు. వరుసలో ప్యాకెట్ గడిపిన కాలాన్నే కొలమానంగా తీసుకునే కొత్త పద్ధతిని 2012లో కాథ్లీన్ నికోల్స్, జేకబ్సన్ ప్రకటించారు.