పనిముట్టు వెనుకటి మనిషి: ఉత్తర తెలంగాణ కథాసంప్రదాయమును, పరిశోధన సాఫ్ట్‌వేర్ ఇంజనీరును

విద్యావ్యాసంగమున రెండు విధములగు శ్రమలు కలవు. గ్రంథమును రచించుట, సిద్ధాంతమును ప్రతిపాదించుట పేరు తెచ్చు శ్రమ. ఆ గ్రంథమునకును ఆ సిద్ధాంతమునకును వలయు సాధనములను సమకూర్చుట పేరు లేని శ్రమ. తాటాకులను చదును చేసినవారు, గంటములను సానబట్టినవారు, ప్రతులు వ్రాసినవారు, అచ్చుకూటములలో అక్షరములను పేర్చినవారు ఈ రెండవ తెగకు చెందినవారు. ఈ తెగలో క్రొత్తగా చేరినవాడు పరిశోధన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. పరిశోధకునికి కావలసిన కంప్యూటరు ప్రోగ్రాములను వ్రాయుట, అవి చెడకుండ కాపాడుట, ఒకరు చేసిన లెక్కను మరియొకరు సరిచూచుకొనుటకు వీలు కల్పించుట ఇతని పని. ఈ వృత్తికి ఈ పేరు 2012లో ఇంగ్లండునందలి ఆక్స్‌ఫర్డున జరిగిన ఒక సమావేశమున ఏర్పడినది. 2013లో బ్రిటనున వీరి సంఘము వెలసినది. 2019లో దాని స్థానమున ఒక సొసైటీ ఏర్పడినది. అంతకుముందు ఈ పని చేయువారు లేకపోలేదు. పని యుండియు పేరు లేకపోవుటయే వారి కొరత. విశ్వవిద్యాలయములు సాధారణముగా వ్యాసములను లెక్కించును గాని ప్రోగ్రాములను లెక్కింపవు. వ్యాసమున పేరు లేనివానికి పదోన్నతి దుర్లభము.

ఈ కొరతను తీర్చుటకు వారి పనిని కథగా చెప్పవలెనను ఆలోచన నేడు బలపడుచున్నది. ఇది వింత ఆలోచనగా కొందరకు తోచవచ్చును. కాని పనివాని విలువను కథ చెప్పి నిలుపుట పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో తరతరములుగా సాగిన విద్య. ఆ విద్య నడచిన తీరును పరిశీలించి, అది నేటి సమస్యకు ఎంతవరకు ఉపకరించునో చూచుట ఈ వ్యాసోద్దేశము.

1. కులపురాణముల పద్ధతి

తెలంగాణమున పెక్కు వృత్తికులములకు ఆశ్రితులగు కథకులు కలరు. పద్మశాలీలకు కూనపులివారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, రజకులకు మాసయ్యలు, మాదిగలకు డక్కలివారు కులపురాణము చెప్పుదురు. వీరిలో పలువురు పటమును వ్రేలాడదీసి, బొమ్మలను ఒక్కొక్కటిగా చూపుచు కథ నడపుదురు. ఆ పటములను వ్రాయుటలో చేర్యాల నకాషీ చిత్రకారులు ప్రసిద్ధులు. ఏ యూరు ఏ కథకుని పాలిదో ముందే నిర్ణయమై యుండును. ఆ హక్కును మిరాశి యందురు.

నేతకు పేరువడిన సిరిసిల్ల ఈ సీమలోనిదే కావున పద్మశాలీల పురాణమునే ఉదాహరణముగా గైకొందము. దేవతలకును మానవులకును కట్టుకొన వస్త్రము లేని కాలమున మార్కండేయుడు యజ్ఞము చేసెను. యజ్ఞకుండమునుండి భావనాఋషి పుట్టెను. అతడు తామరతూడులనుండి నూలు తీసి తొలి వస్త్రమును నేసెను. సూర్యపుత్రిక భద్రావతి అతని ఇల్లాలయ్యెను. కథాసారము ఇంతియే. కాని దీని నిర్మాణమున గమనింపదగిన అంశములు మూడు కలవు.

మొదటిది, కథ నేతగాని గొప్పతనముతో ఆరంభము కాదు. వస్త్రము లేని లోకముతో ఆరంభమగును. లేమిని చూచిన పిదపనే శ్రోతకు పనివాని విలువ తెలియును. రెండవది, నేతగాడు తన్ను తాను పొగడుకొనడు. అతని పనిని నిత్యము చూచుచు, అతని పలుకుబడి నెఱిగినవాడైన మరియొకడు చెప్పును. మూడవది, కథ యెప్పుడో తోచినప్పుడు చెప్పునది కాదు. కథకుడు తన మిరాశి యూళ్లకు వరుసగా పోవును. ఆ కులమువారు అతనిని ఆదరించి కథ వినుట, త్యాగమిచ్చుట విధి. పటము జీర్ణించినచో క్రొత్తది వ్రాయించుకొందురు. బట్ట మారును, రంగు మారును, కథ నిలుచును.

విశ్వకర్మ పురాణమున ఇంకొక విశేషము కలదు. మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞులను ఐదుగురు వరుసగా ఇనుము, కొయ్య, కంచు, రాయి, బంగారములకు అధిపతులు. వారిలో మనువు పని తక్కిన నలుగురి పనికిని ఆధారము. వడ్రంగి బాడిసయు, శిల్పి ఉలియు, కంసాలి సుత్తెయు కమ్మరి కొలిమినుండి రావలసినవే. ఇతరుల పనిముట్లను చేయువానికి ప్రథమస్థానము నిచ్చిన ఈ వరుసను నేటి విద్యాలోకము పరిశీలింపదగును.

2. ఆదిలాబాదు ప్రధానులు

ఆదిలాబాదు కొండలలో ఇట్టి సంప్రదాయమే మరియొక రూపమున కనబడును. గోండుల వంశచరిత్రలను, దేవతాకథలను నిలిపినవారు ప్రధానులు. నాలుగన్నదమ్ములు, ఐదన్నదమ్ములు, ఆరన్నదమ్ములు, ఏడన్నదమ్ములు అను సగల విభాగమును, పహండి కుపార్ లింగల్ దేవతలను గుహనుండి విడిపించిన వృత్తాంతమును ప్రధానుడు కీక్రి వాయించుచు గానము చేయును. పెర్సాపేన్ కొలుపునందు అతడు లేక తంతు జరుగదు. 1940లలో ఇచట నివసించి గోండులను అధ్యయనము చేసిన ఫ్యూరర్ హైమెండార్ఫ్, 1948లో ఆదిలాబాదు రాజగోండులను గూర్చిన గ్రంథమును వెలువరించెను. అందలి పురాణభాగమునకు మూలము ప్రధానుల కంఠమే.

ప్రధానుల ఇంటిభాష మరాఠీ. గానము చేయునది గోండీలో. తాము గోండులు కాకయే గోండుల జ్ఞానమును మోసినవారు వారు. పరిశోధన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు స్థితియు ఇట్టిదే. అతడు భాషాశాస్త్రజ్ఞుడు కాకపోవచ్చును, చరిత్రకారుడు కాకపోవచ్చును. అయినను ఆ శాస్త్రపు పలుకుబడి నేర్చి, దాని సామగ్రిని చెడకుండ మోయును. తేడా యొక్కటి: ప్రధానునికి కొలుపులో స్థానము కలదు, ఇంజనీరునకు వ్యాసమున స్థానము లేదు.

3. కథ లేని పనికి కలిగిన గతి

కథ చెప్పబడని పని యేమగునో తెలుపుటకు ఈ ప్రాంతపు ఉక్కే సాక్ష్యము. నిర్మల ప్రాంతపు ఇనుపరాతినుండి కరీంనగరు సరిహద్దుననున్న కోనసముద్రమున మూసలలో ఉక్కు కరగించుచుండిరి. 1820 ప్రాంతమున ఈ పనిని చూచి వర్ణించిన హెన్రీ వాయిసీ రచన 1832లో అచ్చయినది. పారశీక వర్తకులు ఇచటికి వచ్చి ఉక్కును కొనిపోవుచుండిరి. అట్టి ఉక్కుతో చేసిన కత్తులకు లోకమున నిలిచిన పేరు మాత్రము డమాస్కసుది. కత్తిని అమ్మిన నగరమునకు కీర్తి వచ్చెను. మూసను పేర్చి, మంట నెంత సేపు నిలుపవలెనో యెఱిగిన కమ్మరి పేరు లోకమునకు అందలేదు. పేరుతోపాటు నేర్పును అడుగంటెను. ఆ పద్ధతి మాసిపోయిన పిదప శాస్త్రజ్ఞులు చిట్టెపుకుప్పలను, మూసపెంకులను ఏరి దానిని ఊహించుకొనవలసి వచ్చెను.

4. గుంజాల లిపి: నేటి ఉదాహరణము

ఇనుమునకు జరిగినది అక్షరమునకు జరుగకుండుటకు ఒక ఉదాహరణము ఆదిలాబాదులోనే కలదు. నార్నూరు మండలమునందలి గుంజాల గ్రామమున గోండీ భాషకు చెందిన ప్రత్యేక లిపిలో వ్రాతప్రతులు లభించినవి. ఆచార్య జయధీర్ తిరుమలరావు నాయకత్వమున జరిగిన కృషిచేత 2014 నాటికి ఈ లిపి లోకమునకు తెలియవచ్చినది. అప్పటికి దానిని చదువగలవారు కొద్దిమంది వృద్ధులు మాత్రమే. ఇంతవరకు కథ అందరు ఎఱిగినదే, పత్రికలలో వచ్చినదే.

తరువాతి కథను చెప్పువారు అరుదు. కాగితముపై నున్న అక్షరము కంప్యూటరులో నిలువవలెనన్నచో ప్రతి అక్షరమునకు లోకమంతట ఒకే సంఖ్య యుండవలెను. 2015లో అన్షుమన్ పాండే గుంజాల గోండీని యూనికోడునందు చేర్చుటకు ప్రతిపాదన రచించెను. అచ్చులెన్ని, గుణింతపు గుర్తులు హల్లునకు ఏ ప్రక్క చేరును, సంయుక్తాక్షరము ఎట్లు ఏర్పడును అను ప్రశ్నలకు అట్టి ప్రతిపాదన సమాధానము చెప్పవలెను. ఇది వ్యాకరణకర్త చేయవలసినంత సూక్ష్మమగు పని. 2018 జూన్‌లో వెలువడిన యూనికోడు 11వ కూర్పున ఈ లిపికి 63 సంకేతములు స్థిరపడినవి. 1918లో మున్షీ మంగల్‌సింగ్ మసారం కల్పించిన మరియొక గోండీ లిపి అంతకు ఒక యేడు ముందు, 2017లో చేరినది. అటుపై నోటో అక్షరమాలలో గుంజాల గోండీకి ఫాంటు ఏర్పడినది.

ఈ మెట్లలో ఏది లేకున్నను ఫలితము శూన్యము. సంఖ్య లేనిచో ఒక యంత్రమున వ్రాసిన పాఠము మరియొక యంత్రమున అర్థము లేని గుర్తులగును; వెదకుటకు వీలుండదు, పదసూచిక కట్టుటకు వీలుండదు. రేపు ఒక విద్యార్థి గుంజాల ప్రతులపై సిద్ధాంతవ్యాసము వ్రాసి పట్టము పొందినచో, ఆ పట్టము వెనుక ఈ పని యంతయు దాగియుండును.

5. తెలుగువారి నిత్యానుభవము

ఇది గోండీకి మాత్రమే చెందిన విషయము కాదు. మనము తెరపై ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమును చూతుము. లోపల నున్నవి ఆరు సంకేతములు: సకారము, విరామము, తకారము, విరామము, రేఫము, ఈకారపు గుర్తు. వీనిని ఒక్క ఆకృతిగా కూర్చునది హార్ఫ్‌బజ్ వంటి ప్రోగ్రాము. పారశీక భాషనుండి పేరు పొందిన ఆ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ముఖ్యముగా తీర్చినవాడు బెహదాద్ ఎస్ఫహ్‌బోద్. కోట్లకొలది ఫోనులలో తెలుగును కూర్చుచున్న ఆ పేరు తెలుగు శాఖలలో ఎందరికి తెలియును? పరిశోధకులు నిత్యము వెదకు ఆంధ్రభారతి నిఘంటుశోధనము వెనుక వాడపల్లి శేషతల్పశాయి, కాలెపు నాగభూషణరావుల శ్రమ కలదు. సూర్యరాయాంధ్ర నిఘంటువును ఉదాహరించువారు నిఘంటువు పేరు చెప్పుదురు. క్షణములో ఆ పదము చేతికందించిన సాధనమును పేర్కొనుట అరుదు.

6. సంప్రదాయమునుండి గ్రహింపదగినది, విడువదగినది

కులపురాణములను యథాతథముగా అనుసరింపవలెనని నా అభిప్రాయము కాదు. అవి పనికి గౌరవమిచ్చినను పనిని పుట్టుకకు ముడిపెట్టినవి. నేడు గౌరవింపవలసినది నేర్పును గాని జన్మను కాదు. పురాణము అతిశయోక్తిని సహించును. విద్యాలోకమున చెప్పు కథ తేదీకి, ప్రమాణమునకు నిలువవలెను. మరియు కథకుని బ్రతుకు పూర్తిగా యజమానిపై ఆధారపడినది. సిరిసిల్లలో మరమగ్గములు నిండినట్లు వృత్తి మారినచోట త్యాగము తగ్గును. త్యాగము తగ్గినచో కథకుడును తప్పుకొనును. కావున కథ యొక్కటియే చాలదు. ఉద్యోగము, జీతము, పదోన్నతి నియమములు దానికి తోడు కావలెను. కథ వానికి మార్గము చూపును గాని వానికి బదులు కాజాలదు.

గ్రహింపదగినవి పైని చెప్పిన మూడంశములే. సాధనము లేనినాడు పరిశోధన యెట్లుండెనో మొదట చెప్పవలెను. చేసినవాడు తన గొప్ప తాను చెప్పుకొనుట కాక, ఆ సాధనముచేత ఫలము పొందిన పరిశోధకుడు చెప్పవలెను. అది ఒకసారి చెప్పి విడుచునది కాక, ఏటేట జరుగు విధి కావలెను. ప్రతి సిద్ధాంతవ్యాసమునను, గ్రంథములను పేర్కొనునట్లే, ఏ ప్రోగ్రామును, ఏ ఫాంటును, ఏ శోధనసాధనమును వాడితిమో, దానిని ఎవరు చేసిరో, ఏ కూర్పో పేర్కొనుట ఇందుకు తొలిమెట్టు. తెలుగు శాఖలు తమ వార్షిక సంచికలలో ఒక సాధనచరిత్రను ప్రకటించుట రెండవ మెట్టు. కూనపులివాడు తామరతూడును మరువలేదు. ప్రధానుడు గుహద్వారమును మరువలేదు. వారి కథలను సేకరించి పట్టములు పొందిన మనము, ఆ సేకరణను నిలిపియుంచిన చేతులను మరచుట న్యాయము కాదు.