కారు చక్రపు కవచము

కారును సర్వీసింగుకు ఇచ్చి తిరిగి తీసుకొనునప్పుడు యజమాని చూపు మొదట చక్రాల మీద పడును. కొత్త గీత ఏదైనా పడినదా అని పరిశీలిస్తాడు. వెండివలె మెరిసే ఈ చక్రాలను అల్లాయ్ వీల్స్ అంటున్నాము. అల్లాయ్ అనగా మిశ్రలోహము. ఉక్కు కూడ ఒక విధమైన మిశ్రలోహమే. అయినా వాడుకలో ఈ పేరు అల్యూమినియం మిశ్రలోహపు చక్రాలకే నిలిచిపోయినది. ఆ గీత అందానికి మాత్రమే లోపమా, ప్రయాణికుల క్షేమానికి కూడ సంబంధించినదా? జవాబు తెలియవలెనంటే ఈ లోహపు చరిత్రను కొంత తిరగవేయవలెను.

1825లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు అయిర్‌స్టెడ్ అల్యూమినియాన్ని మొదటిసారి వేరుచేశాడు. 1827లో జర్మను రసాయనవేత్త ఫ్రెడరిక్ వోలర్ దానిని మరింత మెరుగైన పద్ధతిలో తయారుచేశాడు. చాలకాలము అది అపురూపమైన లోహము. 1884లో అమెరికాలోని వాషింగ్టన్ స్మారక స్తంభపు శిఖరాన అల్యూమినియం తొడుగును ఉంచారంటే దాని విలువను ఊహించవచ్చును. రెండేండ్లకే, 1886లో, అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ఒకే పద్ధతిని కనిపెట్టారు. కరిగిన క్రయొలైటులో అల్యూమినియం ఆక్సైడును కలిపి విద్యుద్విశ్లేషణము చేయుటయే ఆ పద్ధతి. ఇద్దరూ 1863లో పుట్టినవారే. వారి చలవవల్ల ధర పడిపోయి, శిఖరమెక్కిన లోహము క్రమంగా వంటయింటి సత్తు గిన్నె అయినది.

కాని స్వచ్ఛమైన అల్యూమినియం మెత్తనిది. బండి బరువు మోయలేదు. 1906లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ ఒక వింతను గమనించాడు. రాగి, మెగ్నీషియం కొద్దిగా కలిపిన అల్యూమినియాన్ని బాగా కాచి, నీటిలో ముంచి, కొన్నాళ్లు ఊరక ఉంచితే అది తనంతట తానే గట్టిపడినది. నేటి పోత చక్రాలలో సాధారణంగా 7 శాతము సిలికన్, అర శాతానికి తక్కువగా మెగ్నీషియం ఉండును. సిలికన్ వల్ల కరిగిన లోహము అచ్చులోని మూలమూలలకు పారును. మెగ్నీషియం వల్ల విల్మ్ చూపిన పద్ధతిలో గట్టిపడును.

1924లో లియాన్ నగరపు పందెములో ఎటోర్ బుగాటి తన 35వ రకపు కార్లను దింపాడు. వాటికి ఎనిమిది ఆకుల అల్యూమినియం పోత చక్రాలు ఉండెను. బ్రేకు డ్రమ్ము కూడ చక్రంతో కలిసే ఉండెను. టైర్లు చెడిపోయి ఆనాడు ఆ కార్లు గెలువలేదు గాని, చక్రము మాత్రము చరిత్రలో నిలిచినది. ఘన సెంటీమీటరుకు ఉక్కు సుమారు 7.8 గ్రాములు, అల్యూమినియం 2.7 గ్రాములు తూగును. చక్రము తేలికైనకొద్దీ గతుకులలో స్ప్రింగులకు శ్రమ తగ్గును. పైగా అల్యూమినియం బ్రేకుల వేడిని త్వరగా లాగివేయును. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత పందెపు కార్లకు ఇంకా తేలికైన మెగ్నీషియం చక్రాలు వచ్చినవి. కాని అవి తేమకు త్వరగా చెడును. 1966లో పోర్షే 911 ఎస్ కారుకు ఫుక్స్ సంస్థ తయారుచేసిన సమ్మెట చక్రాలు, అనగా పోత పోయక కాచి నొక్కి చేసినవి, రోడ్డు కార్లలో ఈ చక్రాలకు మంచి పేరు తెచ్చినవి.

ఇక కవచము సంగతి. గాలి తగలగానే అల్యూమినియం మీద ఆక్సైడు పొర ఏర్పడును. కెంపు, నీలము కూడ అల్యూమినియం ఆక్సైడే. కనుక ఈ పొర పదార్థము ఉక్కుకన్న గట్టిది. కాని దాని మందము గోటి మందములో సుమారు లక్షవ వంతు మాత్రమే. 1923లో ఇంగ్లండులో బెంగా, స్టూవర్టు అనువారు సముద్రపు నీట దిగే విమానాల భాగాలను రక్షించుటకు, విద్యుత్తు సహాయముతో ఈ పొరను మందముగా పెంచు విధానమును కనిపెట్టారు. నేడు అధిక భాగము చక్రాలకు రంగు, దానిపై పారదర్శకమైన పూత ఉండును.

ఈ పొరకు ఆమ్లమూ శత్రువే, క్షారమూ శత్రువే. సత్తు గిన్నెను చాకలిసోడాతో తోమితే నల్లబడుట మన ఇళ్లలో ఎరిగినదే. బ్రేకుల నుండి రాలిన ఇనుప ధూళిని వదిలించుటకు ఘాటైన ద్రావకములను చక్రము వేడిగా ఉన్నప్పుడు చల్లితే పూత దెబ్బతినును. పూతలో చిన్న గీత పడినా తేమ, ఉప్పు అడుగుకు చేరి దారపు పోగులవలె లోహాన్ని తినుకుంటూ పోవును. పైన పటారము, లోన లొటారము అంటే ఇదే.

ఇంతకన్న గట్టి ప్రశ్న లోహపు అలసటది. 1842లో వెర్సేల్స్ దగ్గర రైలింజను ఇరుసు విరిగి ఘోర ప్రమాదము జరిగినది. తరువాతి దశాబ్దాలలో ఆగస్టు వోలర్ అను జర్మను ఇంజనీరు ఇరుసులను మరల మరల వంచి పరీక్షించి, ఒక్కసారికి లొంగని లోహము లక్షలసార్లకు లొంగునని చూపాడు. అల్యూమినియాన్ని తయారుచేసిన వోలర్ వేరు, ఈ వోలర్ వేరు. చక్రము మాత్రము ఇద్దరికీ ఋణపడినది. ఒత్తిడి ఒక హద్దు దాటకపోతే ఉక్కు దాదాపు ఎంతకాలమైనా నిలుచును. అల్యూమినియానికి అట్టి స్పష్టమైన హద్దు లేదు. చుట్టుకొలత 2 మీటర్లయిన చక్రము కిలోమీటరుకు 500 సార్లు, లక్ష కిలోమీటర్లకు 5 కోట్లసార్లు తిరుగును. పైపూతలోని సన్నని గీత అంత ప్రమాదము కాదు. లోహములోకి దిగిన లోతైన గాటు పగులుకు మొదలు కావచ్చును.

అందుచేత మంచి పనివాడు కొన్ని జాగ్రత్తలు తీసుకొనును. టైరు విప్పే యంత్రపు ఇనుప కొక్కెమునకు ప్లాస్టిక్ తొడుగు వేయును. ట్యూబు లేని టైరులో రిమ్ము అంచే గాలిని బంధించును గనుక అక్కడి గాటు గాలిని మెల్లగా వదలివేయును. సమతూకపు బిళ్లలను అంచుకు కొక్కెముతో తగిలించక లోపలి వైపున అంటించును. నట్లను మొదట చేతితో ఎక్కించి, తరువాత ఎదురెదురుగా, తయారీదారు చెప్పినంత బలముతోనే, కొలత పానాతో బిగించును. పానా గొట్టమునకు ప్లాస్టిక్ తొడుగు ఉండును. ఇనుప హబ్బు, అల్యూమినియం చక్రము, మధ్య తేమ కలిస్తే చిన్న విద్యుత్ ఘటమే ఏర్పడి రెండూ అతుక్కుపోవును. కనుక హబ్బు మీది తుప్పును ముందుగా తుడుచును. విప్పిన చక్రమును, అందమైన ముఖము నేలకు తగలకుండ, మెత్తని చాప మీద ఉంచును.

ఇవన్నీ చవకైన పనులే. కారు అప్పగించునప్పుడు తొడుగులు ఉన్నవా, కొలత పానా వాడుదురా అని యజమాని అడుగవచ్చును. గాటు లోతుగా కనబడితే రంగుతో కప్పించుకొనక, అనుభవజ్ఞునిచేత పరీక్ష చేయించవలెను. పగిలిన చక్రమును అతికించి వాడుట ప్రమాదకరము.