లెక్క తీసినప్పుడే బయటపడిన అసమానత

1970లలో మాతో చదివినవారిలో కొందరు ఇంగ్లండుకు వెళ్లారు. సెలవులకు వచ్చినప్పుడు వారు చెప్పే మాట ఒకటే: "దరఖాస్తులు పంపుతూనే ఉంటాం, ఇంటర్వ్యూకు పిలుపు రాదు." అది వివక్షో, అర్హతలో లోపమో ఆనాడు మేము తేల్చుకోలేకపోయాం. చేతిలో లెక్క లేదు.

ఆ లెక్క తీయడానికి అనీజ్ ఎస్మాయిల్, శామ్ ఎవరింగ్టన్ అనే ఇద్దరు వైద్యులు పూనుకున్నారు. 23 ఆసుపత్రి ఉద్యోగాలకు రెండేసి కల్పిత దరఖాస్తులు పంపారు. చదువు, అనుభవం సమానం. ఒకదానిపై ఇంగ్లీషు పేరు, మరొకదానిపై ఆసియా పేరు. ఇంగ్లీషు పేర్లు 12 సార్లు, ఆసియా పేర్లు 6 సార్లు ఎంపిక జాబితాకు చేరాయి. ఇంతలో మోసపు దరఖాస్తుల అభియోగంపై పోలీసులు వారిని అరెస్టు చేయడంతో అధ్యయనం మధ్యలోనే ఆగింది. 1993లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఆ ఫలితాలను ప్రచురించింది.

బయటివారు ఇంత సాహసం చేయవలసిన అవసరం, సంస్థలు తమ లెక్కలను తామే వెల్లడించడం మొదలైన తరువాత తగ్గింది. బ్రిటన్‌లో జనరల్ ప్రాక్టీషనర్ కావాలంటే రాయల్ కాలేజ్ ఆఫ్ జనరల్ ప్రాక్టీషనర్స్ పరీక్షలో నెగ్గాలి. ఆ ఫలితాలను జాతి నేపథ్యం వారీగా విశ్లేషించిన అధ్యయనం 2013లో వెలువడింది. బ్రిటన్‌లోనే చదివిన అభ్యర్థులలో సైతం, శ్వేతజాతీయులతో పోలిస్తే అల్పసంఖ్యాక వర్గాలవారు క్లినికల్ పరీక్షలో మొదటిసారి తప్పే అవకాశం మూడున్నర రెట్లు ఎక్కువని అది తేల్చింది.

భారత సంతతి వైద్యుల సంఘం 'బాపియో' కోర్టుకెక్కింది. 2014లో న్యాయమూర్తి ఆ పరీక్ష చట్టబద్ధమేనని తీర్పు చెప్పారు. అయితే సంఘానికి చట్టపరమైన గెలుపు దక్కకున్నా నైతిక విజయం దక్కిందని కూడా అన్నారు.

ఈ తీర్పులో మనం గ్రహించవలసిన సూక్ష్మం ఉంది. ఫలితాలలో అంతరం ఉన్నంత మాత్రాన పరీక్షకులు పక్షపాతులని రుజువు కాదు. శిక్షణలో అందిన తోడ్పాటు, భాష, స్థానిక వ్యవస్థతో పరిచయం వంటి కారణాలూ ఉండవచ్చు. కానీ అంకెలు ప్రచురితమైన తరువాత అంతరమే లేదని అనడం ఎవరికీ సాధ్యం కాదు.

2019లో బ్రిటన్ జనరల్ మెడికల్ కౌన్సిల్ కోసం జరిగిన పరిశీలన మరో విషయాన్ని చర్చకు తెచ్చింది. యాజమాన్యాలు కౌన్సిల్‌కు చేసే ఫిర్యాదుల రేటు అల్పసంఖ్యాక వర్గాల వైద్యుల విషయంలో శ్వేతజాతీయులకన్నా రెండింతలు ఉంది. 2021లో కౌన్సిల్ తనకు తానే గడువులు పెట్టుకుంది: ఫిర్యాదులలో అసమానత 2026 నాటికి, వైద్యవిద్యలోనూ శిక్షణలోనూ అసమానత 2031 నాటికి తొలగాలని. అదే ఏడాది ఇంగ్లండు ప్రభుత్వ ఆరోగ్య సేవ, వైద్యులకే ప్రత్యేకించిన జాతి సమానత్వ నివేదికను తొలిసారి వెలువరించింది.

జ్వరపీడితుని మంచం దగ్గర ఉష్ణోగ్రత పట్టిక వేలాడదీయడం మా వృత్తిలో పాత అలవాటు. పట్టిక జ్వరాన్ని తగ్గించదు. అయితే చికిత్స పనిచేస్తున్నదో లేదో రోగి బంధువులకు సైతం అది చూపుతుంది. వృత్తిసంఘం తన సభ్యుల లెక్కను ఏటా నలుగురి ముందూ పెట్టడమూ అటువంటిదే. ఆనాడు నా సహాధ్యాయులకు ఆ పట్టిక ఉండి ఉంటే, లోపం తమలోనే ఉందేమోనన్న దిగులుతో అన్నేళ్లు గడిపేవారు కారు.