మిల్లీమీటరు లెక్కకు లేజర్ కొలత.. ఎవరి అవసరం ఎంత?

సూళ్లూరుపేట: ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో లేజర్ కాంతితో కొలిచే పద్ధతే ఉపగ్రహ లేజర్ రేంజింగ్. ఈ పని చేసే కేంద్రాలు ప్రపంచం మొత్తం మీద సుమారు 40 మాత్రమే. కొలవవలసిన ఉపగ్రహాలు మాత్రం ఏటేటా పెరుగుతున్నాయి. మబ్బు పడితే కొలత ఆగిపోతుంది. ఉన్న కొద్ది సమయాన్ని దేనికి కేటాయించాలో తేల్చాలంటే, ఆ సమాచారాన్ని వాడుకునే శాస్త్రవేత్తల అవసరాలు ముందుగా తెలియాలి.

కొలిచేదిలా..
భూమిపై నుంచి దూరదర్శిని ద్వారా అతి స్వల్ప కాల లేజర్ తళుకును పంపుతారు. ఉపగ్రహానికి అమర్చిన ప్రత్యేక అద్దాలు ఆ కాంతిని వచ్చిన దారినే వెనక్కి పంపుతాయి. రాకపోకలకు పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కిస్తారు. దూరంలో ఒక మిల్లీమీటరు తేడాకు సమయంలో వచ్చే తేడా సుమారు 6.7 పికో సెకన్లే. సెకనులో లక్ష కోట్లవ వంతు ఒక పికో సెకను. అమెరికాలో 1964లో తొలిసారి ఈ ప్రయోగం ఫలించింది. 1976లో పంపిన లాజియోస్-1 అనే 60 సెంటీమీటర్ల గోళానికి 426 అద్దాలున్నాయి. సుమారు 5,900 కిలోమీటర్ల ఎత్తున తిరిగే దీనికి ఇంధనంతో గానీ, విద్యుత్తుతో గానీ పని లేదు.

ఎవరికి ఏం కావాలి?
* భూమి కేంద్రబిందువును, కొలతల చట్రాన్ని నిర్ణయించేవారికి లాజియోస్ వంటి ఉపగ్రహాల కొలతలు ఏళ్ల తరబడి తెగకుండా కావాలి. వీరి లక్ష్యం మిల్లీమీటరు కచ్చితత్వం.
* సముద్రమట్టాన్ని కొలిచేవారికి తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాల కక్ష్య కచ్చితంగా, త్వరగా తెలియాలి.
* నావిగేషన్ ఉపగ్రహాల నిర్వాహకులు రేడియో సంకేతాలతో వేసిన కక్ష్య లెక్కలను సరిచూసుకునేందుకు వీటిని వాడతారు.
* పనిచేయని ఉపగ్రహాల భ్రమణాన్ని పరిశీలించేవారికి కుదించిన సగటు విలువలు చాలవు. ప్రతి తళుకు సమాచారమూ కావాలి. 2012లో మూగబోయిన ఎన్విశాట్ భ్రమణాన్ని ఇలాగే పరిశీలించారు.

అడగకుంటే నష్టమే
1998లో ఏర్పడిన అంతర్జాతీయ లేజర్ రేంజింగ్ సేవా సంస్థ ఈ కేంద్రాలను సమన్వయం చేస్తోంది. కొత్త ఉపగ్రహాన్ని కొలవాలంటే దాని నిర్వాహకులు ముందుగా దరఖాస్తు పత్రం నింపాలి. కొలత ఎందుకో, ఎంత కచ్చితత్వం కావాలో అందులో చెప్పాలి. ఆపై ప్రాధాన్య క్రమం నిర్ణయిస్తారు. సాధారణంగా తక్కువ ఎత్తులో తిరిగేవాటికి ముందు వరుస దక్కుతుంది.

అవసరం ఎప్పుడు ఎటు నుంచి వస్తుందో చెప్పలేం. 1991లో వెళ్లిన ఈఆర్‌ఎస్-1లో కక్ష్యను కొలిచే రేడియో పరికరం విఫలమైంది. 1998లో వెళ్లిన జియోశాట్ ఫాలో-ఆన్‌లో జీపీఎస్ పరికరాలు మొరాయించాయి. రెండింటినీ లేజర్ కొలతలే ఆదుకున్నాయి. భూగర్భ జలాల తరుగుదలను అంతరిక్షం నుంచి అంచనా వేసిన గ్రేస్ ఉపగ్రహాల లెక్కల్లోనూ, భూమి ధ్రువాల వద్ద చదునుదనాన్ని సూచించే విలువను లేజర్ కొలతల నుంచే తీసుకుంటారు.

దక్షిణార్ధగోళంలో కేంద్రాలు తక్కువగా ఉండటం మరో లోటు. ఆస్ట్రేలియాలోని యారగాడీ వంటి కొద్ది కేంద్రాలపైనే భారం పడుతోంది. కొత్త కేంద్రం ఎక్కడ పెట్టాలన్నదీ వాడుకరుల అవసరాన్ని బట్టే తేలాలి.

శ్రీహరికోటతో బంధం
2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ20 మోసుకెళ్లిన భారత్-ఫ్రాన్స్ ఉపగ్రహం సరళ్‌కు లేజర్ అద్దాలు అమర్చారు. సముద్రమట్టాన్ని కొలిచేందుకు ఉద్దేశించిన ఉపగ్రహమది. అదే ఏడాది జులై 1న ఇక్కడి నుంచే వెళ్లిన ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏలోనూ ఇలాంటి అద్దాలున్నాయి. 2023 ఆగస్టు 23న చంద్రుడిపై దిగిన విక్రమ్ ల్యాండర్‌పై నాసా అద్దాల పరికరం ఉంది. చంద్రుడి చుట్టూ తిరుగుతున్న నాసా నౌక అదే ఏడాది డిసెంబరు 12న దానిపై లేజర్ ప్రసరింపజేసి, తిరిగి వచ్చిన కాంతిని గుర్తించింది.

లేజర్ కొలతలు అమెరికా, జర్మనీల్లోని సమాచార కేంద్రాల ద్వారా పరిశోధకులకు ఉచితంగా అందుతున్నాయి. ఎవరు దేనికి వాడుతున్నారో చెబితేనే రేపటి కొలతల వరుసలో వారి అవసరానికి చోటు దక్కుతుంది.